నాలుగు చిన్న గ్లాసులు

పోయిన నెలలో ఒక ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు బెంగళూరు ఇందిరానగర్‌లో బీరును అక్కడికక్కడే కాచి పోసే ఒక మైక్రోబ్రూవరీకి వెళ్ళి, ఐదున్నరకల్లా బయటికి వచ్చేశాను. ఆ గంటన్నరలో నాలుగు రకాల బీర్లు రుచి చూశాను, ఒక్కొక్కటి వంద మిల్లీలీటర్ల గ్లాసులో. మెట్రోలో ఇంటికి వస్తున్నంతసేపూ నా మనసు ఆ బీర్ల కంటే ఆ గ్లాసుల మీదే నిలిచింది. మద్యం అమ్మే ప్రతి చోటా ఇంత చిన్న కొలత దొరికి తీరాలని, ప్రత్యేకంగా అడిగి తెప్పించుకోవలసిన అవసరం లేకుండా ధరల పట్టికలో మొట్టమొదటి వరుసలోనే ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. ఎందుకు అనిపించిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లాలో కావలికి దగ్గర ఒక పల్లె. మా ఇంట్లో మద్యం మాట వస్తే ఇప్పటికీ గొంతులు తగ్గుతాయి. మా తాత సారా తాగి తాగి యాభై నిండకుండానే పోయాడు. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం మా ఊరి దాకా వచ్చినప్పుడు, సారా పాక మీదికి వెళ్ళిన ఆడవాళ్ళలో మా అమ్మమ్మ ముందు వరుసలో ఉంది. అలాంటి ఇంట్లో పుట్టి, పన్నెండేళ్ళుగా బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, ముప్పై దాటాక మొదటిసారి బీరు నోట పెట్టుకున్న మనిషిని నేను. తాగమని ఎవరికీ చెప్పడం నా ఉద్దేశం కాదు. అలవాటు లేనివారు దాని జోలికి పోకుండా ఉండటమే మంచిది. తాగేవారికి ఏం అమ్ముతున్నాం, ఎంత కొలతలో అమ్ముతున్నాం, అందులో ఏముందో వారికి చెబుతున్నామా లేదా అన్నదే నా ప్రశ్న.

బెంగళూరుకు బీరు కొత్త కాదు. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండ్ వ్యాపారి దక్షిణాదిలోని ఐదు బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్‌ను స్థాపించాడు. ఆ రోజుల్లో తెల్ల సిపాయిల కోసం బీరును పెద్ద పీపాలకెత్తి ఎడ్లబండ్ల మీద దండు ప్రాంతాలకు తోలేవారు. ఈనాడు విఠల్ మాల్యా రోడ్డులో యూబీ సిటీ అద్దాల భవనాలు నిలబడిన చోట ఒకప్పుడు ఆ కంపెనీ బ్రూవరీ ఉండేది. అక్కడికక్కడే కాచి, అక్కడికక్కడే పోసే చిన్న బ్రూవరీల కాలం మాత్రం ఈ ఊళ్ళో 2011లో లావెల్ రోడ్డులోని ది బియర్ క్లబ్‌తో మొదలైంది. అదే రోజుల్లో ఇందిరానగర్‌లో టాయిట్, ఆ తర్వాత అమెరికాలోని మిషిగన్ మూలాలున్న ఆర్బర్ తోడయ్యాయి. ఇప్పుడు వైట్‌ఫీల్డ్ నుంచి సర్జాపూర్ రోడ్డు దాకా ఎటు వెళ్ళినా గాజు గోడ వెనక రాగి రంగు గుండిగలు, ఉక్కు ట్యాంకులు కనిపిస్తూనే ఉంటాయి.

నేను మొదట వెళ్ళిన చోటు వేరు. మూడేళ్ళ క్రితం ఆఫీసు వాళ్ళందరం కలిసి ఊరి చివర ఒక పెద్ద పబ్బుకు వెళ్ళాం. చిన్న గ్లాసు ఉంటుందా అని అడిగితే ఉండదన్నారు. ఒకటి కొంటే ఒకటి ఉచితం కాబట్టి పెద్ద గ్లాసు తీసుకుంటే రెండు వస్తాయన్నారు, లేకపోతే బల్లకొక పిచ్చరు, అంటే పెద్ద కూజా, తెప్పించుకోమన్నారు. వచ్చిన బీరు నోట్లో పెట్టుకోగానే కరిగిన వెన్న వాసన, నాలుక మీద జిడ్డుగా ఏదో పూత పూసినట్టు. ఇది బాగా లేదేమో చూడమని అడిగితే, ఆ రకమే అంత మేడమ్ అన్నారు. డబ్బు కట్టాం కదా అని బల్ల మీద ఉన్నదంతా అందరూ తాగారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఇద్దరికి వాంతులయ్యాయి. ఆ రాత్రి నాకు మిగిలినది ఆ వెన్న వాసన ఒక్కటే, అది ఎందుకు వచ్చిందో తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

ఆ సంగతి చెప్పినవాడు పోయిన నెలలో నేను వెళ్ళిన బ్రూవరీలో పనిచేసే ఒక అబ్బాయి. ట్యాంకుల దగ్గర గొట్టాలు కడుగుతూ ఫోనులో ఎవరితోనో తెలుగులో మాట్లాడుతుంటే పలకరించాను. వాళ్ళది కుప్పమట. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివి, ఇక్కడ సహాయకుడిగా చేరి, ఇప్పుడు సొంతంగా ఒక గుండిగ కాచగలిగే స్థాయికి వచ్చాడు. సాయంత్రం గిరాకీ మొదలవడానికి ఇంకా సమయం ఉండటంతో నన్ను గాజు గోడ అవతలికి తీసుకువెళ్ళాడు. వెన్న వాసన గురించి అడిగితే, దాని పేరు డైఅసిటైల్ అని, చక్కెరను ఆల్కహాలుగా మార్చే ఈస్ట్ అనే సూక్ష్మజీవి తన పని చేసుకుంటున్న తొలి రోజుల్లో అది పుట్టడం మామూలేనని, ఇంకో రెండు మూడు రోజులు కొంచెం వెచ్చగా వదిలేస్తే ఆ ఈస్టే దాన్ని తిరిగి తినేస్తుందని చెప్పాడు. "శని ఆదివారాలకి సరుకు చాలదని ముందే దించేసుంటారక్కా. లేదంటే పైపులు కడిగుండరు" అన్నాడు. మూడేళ్ళ నాటి నా అనుమానానికి రెండు వాక్యాల్లో జవాబు దొరికింది. ఆ పబ్బులో బీరు పోసిన మనిషికి ఈ రెండు వాక్యాలు తెలిసి ఉంటే, లేదా తెలిసిన మనిషి మాకు అందుబాటులో ఉండి ఉంటే, ఆ రాత్రి మేము ఆ బీరును తిప్పి పంపేవాళ్ళం.

అతను ఒక గోనెసంచి మూతి విప్పి గుప్పెడు గింజలు నా చేతిలో పోశాడు. "నమిలి చూడండక్కా." చూడటానికి అవి మామూలు బార్లీ గింజలే. పంటి కింద పడగానే పేలాల్లా పెళుసుగా పగిలి, నాలుగైదు నములుళ్ళకు తియ్యబడ్డాయి. ఆ తీపి నాకు తెలిసిన తీపే. మా అమ్మమ్మ పసిపిల్లల కోసం రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకలు రాగానే నీడలో ఆరబెట్టి, దోరగా వేపి పిండి పట్టించేది. ఆ పిండి జావలో కలిపినప్పుడు వచ్చే తీపి అది. బార్లీతో చేసేదీ సరిగ్గా అదే పని. గింజ మొలకెత్తేటప్పుడు లోపల ఎంజైములు పుడతాయి, ఆరబెట్టి వేపి ఆ మొలకను అక్కడితో ఆపుతారు. మాల్ట్ అనే మాట వెనక ఉన్నది ఇంతే. మొలకరాగుల జావ మామూలు జావ కంటే పలచగా ఉండి పసిపిల్లలకు సులువుగా అరగడానికీ, బార్లీ గింజలోని పిండిపదార్థం గుండిగలో చక్కెరగా మారడానికీ కారణమైన ఎంజైము కూడా ఒకటే, అమైలేజు. ఇన్నేళ్ళుగా మా వంటింట్లో జరుగుతున్న పనిని నేను ఇందిరానగర్‌లో నిలబడి గుర్తుపట్టాను.

మిగతా కథ కూడా అతనే చెప్పాడు. గింజను పొట్టు నలగకుండా బద్దలుగా పగలగొట్టి, 65 నుంచి 67 డిగ్రీల వేడి నీళ్ళలో గంటసేపు నానబెడతారు. వేడి ఇంకా పెరిగితే ఎంజైములు చచ్చిపోతాయి, మరీ తగ్గితే పని సాగదు. పిండి అంతా చక్కెర అయిందో లేదో చూడటానికి ఒక చుక్క తీసి అయోడిన్ వేస్తారు, నల్లబడితే ఇంకా పిండి మిగిలి ఉన్నట్టు. తర్వాత ఆ తీపి నీటిని వడకడతారు. అందుకు వేరే గుడ్డ అవసరం లేదు, అడుగున పేరుకున్న పొట్టే జల్లెడగా పనికొస్తుంది. మిగిలిన పిప్పిని పశువుల దాణాకు తీసుకువెళతారు, దాన్ని ఎండబెట్టి పిండి పట్టి బిస్కెట్లు చేసేవాళ్ళు కూడా ఈ ఊళ్ళో ఉన్నారట. తీపి నీటిని చేదు కోసం హాప్స్ అనే పూలు వేసి గంటకు పైగా మరిగిస్తారు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉండటంతో ఇక్కడ నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుందని, హాప్స్‌లోని చేదు దిగడానికి నెల్లూరులో కంటే ఇక్కడ కాస్త ఎక్కువ ఓపిక పట్టాలని అతను అన్నప్పుడు, ఇదే ఊళ్ళో మా ఇంట్లో కందిపప్పు ఉడకడానికి పట్టే సమయం గుర్తొచ్చింది.

హాప్స్ అంటే ఒక తీగకు కాసే పూలు. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో కొంత పండుతుంది, ఇక్కడి చిన్న బ్రూవరీలకు ఎక్కువగా విదేశాల నుంచే పొడి చేసి అచ్చు పోసిన ఆకుపచ్చని గుళికలుగా వస్తుంది. రెండు గుళికలు అరచేతిలో వేసుకుని నలిపాను. ముందు పచ్చగడ్డి వాసన, ఆ వెంటనే నారింజ తొక్క గిల్లినప్పుడు కళ్ళలోకి చిమ్మే ఆ ఘాటు, చివరికి కొంచెం బంకబంకగా వేపబంక వాసన. సబ్బుతో కడుక్కున్నా ఆ వాసన రాత్రి దాకా వేళ్ళను వదలలేదు.

ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చున్నాను. నాలుగు గుంటలు తొలిచిన చెక్క మీద నాలుగు గ్లాసులు వచ్చాయి. పలచని దాని నుంచి చిక్కని దానికి, తక్కువ చేదు నుంచి ఎక్కువ చేదుకు వెళ్ళమని, మధ్యలో నీళ్ళు తాగమని అతనే చెప్పాడు. మరీ చల్లగా ఉంటే రుచి తెలియదు కాబట్టి గ్లాసును రెండు చేతుల మధ్య కాసేపు పట్టుకోమన్నాడు. మొదటిది గోధుమ బీరు. వడకట్టకుండా ఉంచినది కాబట్టి గంజిలా మబ్బుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే బాగా మాగిన చక్కెరకేళి అరటిపండు వాసన, దాని వెనకే లవంగం. అందులో అరటిపండూ లేదు, లవంగమూ లేదు. ఆ రెండు వాసనలనూ పుట్టించేది ఆ బీరుకు వాడే ఈస్టే. జర్మనీలోని బవేరియా వాళ్ళు 1516లో బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేమీ వేయకూడదని శాసనం చేసినప్పుడు అందులో ఈస్ట్ ప్రస్తావన లేదు, ఎందుకంటే అలాంటి జీవి ఒకటి ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచగలిగింది 1883లో. అప్పటిదాకా ప్రపంచమంతా కంటికి కనిపించని ఈ జీవిని నమ్ముకునే బీరు కాచింది, మన తాటి కల్లు ఇప్పటికీ గాలిలోంచి వచ్చిపడే ఈస్టును నమ్ముకునే పులుస్తుంది.

రెండోది లాగర్, తేటగా గడ్డిపరక రంగులో ఉంది. చూడటానికి సీసాల్లో దొరికే మామూలు బీరులాగే ఉంటుంది కాబట్టి బల్ల దగ్గర దీన్ని ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం దీని మీదే గౌరవం కలిగింది. గోధుమ బీరు రెండు వారాల్లో తాగడానికి సిద్ధమవుతుంది. లాగర్‌ను పది డిగ్రీల చలిలో నిదానంగా పులియబెట్టి, ఆ తర్వాత సున్నాకు దగ్గరగా వారాల తరబడి నిలవ ఉంచాలి. మొత్తం ఆరు వారాలు ఒక ట్యాంకు దానికే అంకితమైపోతుంది. ఆరు ట్యాంకులున్న చిన్న బ్రూవరీకి ఒక ట్యాంకు ఆరు వారాలు కదలకుండా ఉండటమంటే, అదే ట్యాంకులో మూడు సార్లు గోధుమ బీరు కాచుకునే అవకాశం వదులుకోవడమే. పైగా ఇందులో చిన్న తప్పు జరిగినా దాచడానికి అరటిపండు వాసన లేదు, మాడిన గింజల నలుపు లేదు. 1842లో చెక్ దేశపు ప్లజెన్ పట్టణంలో మొదటిసారి ఈ బంగారు రంగు లాగర్ కాచినప్పటి నుంచి ఇప్పటిదాకా బ్రూవరీ పనితనానికి అసలు పరీక్ష ఇదేనని కుప్పం అబ్బాయి అన్నాడు. పెద్ద గ్లాసు ఒక్కటే తెప్పించుకునే పద్ధతిలో అయితే నేను దీన్ని ఎన్నటికీ అడిగేదాన్ని కాదు.

మూడోది ఇండియా పేల్ ఏల్. పద్దెనిమిదో శతాబ్ది చివర్లో లండన్‌లోని బో బ్రూవరీలో హాడ్జ్‌సన్ కాచిన బీరు ఈస్టిండియా కంపెనీ ఓడల్లో మన దేశానికి వచ్చేది. హాప్స్ ఎక్కువ వేసిన బీరు దూరప్రయాణంలో చెడకుండా నిలిచేది. అలా పెరిగిన రకానికి తర్వాతి కాలంలో మన దేశం పేరు స్థిరపడింది. చేదు మొదటి గుక్కలో తెలియదు. మింగిన తర్వాత ఒక్క క్షణం ఆగి, నాలుక వెనక నుంచి మెల్లగా లేస్తుంది, ఉగాది పచ్చడిలో వేపపువ్వు తగిలినట్టు. నాకు నచ్చలేదు. వంద మిల్లీలీటర్లలో సగం వదిలేశాను, వదిలేసినందుకు ఎవరూ ఏమీ అనలేదు, నాకూ బాధ కలగలేదు. ఈ సగం వదిలేయగలగడం గురించి తర్వాత మళ్ళీ చెబుతాను.

నాలుగోది స్టౌట్. కాఫీ గింజల్లా నల్లగా వేపిన బార్లీ దాని రంగుకూ రుచికీ కారణం. దీన్ని నైట్రోజన్ కలిపిన వాయువుతో పోస్తారు. పోసిన వెంటనే గ్లాసును కంటి ఎత్తుకు పెట్టుకుని చూశాను. గ్లాసు గోడ పక్కన సన్నని బుడగలు పైకి పోకుండా కిందికి జారుతున్నాయి, ఇసుక గడియారంలో ఇసుక జారినట్టు. మధ్యలో బుడగలు గుంపుగా పైకి లేస్తూ బీరును కూడా తమతో లాక్కుపోతే, ఆ బీరు తిరిగి గోడల వెంట దిగేటప్పుడు అక్కడి బుడగల్ని కిందికి ఈడుస్తుంది. రెండు నిమిషాలకు అంతా సద్దుమణిగి, కింద నలుపు, పైన మీగడ రంగు నురగ వేరువేరుగా నిలిచాయి. తాగితే చక్కెర వేయని ఫిల్టరు కాఫీ డికాక్షన్‌ను చల్లార్చి తాగినట్టుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. నాలుగు గ్లాసులూ పూర్తిగా తాగినా నాలుగు వందల మిల్లీలీటర్లు, సగటున 5 శాతం ఆల్కహాలు అనుకుంటే 20 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 16 గ్రాములు. మన ఊళ్ళలో మందు దుకాణంలో దొరికే స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. అందులో 7 శాతం అనుకుంటే 45 మిల్లీలీటర్లకు పైగా ఆల్కహాలు, 36 గ్రాములు. ఒక్క సీసా నా నాలుగు గ్లాసులకు రెండింతల కంటే ఎక్కువ. మూత తీశాక ఆ సీసాను మళ్ళీ బిగించి దాచుకోవడం కుదరదు, గ్యాసు పోయి చప్పబడుతుంది. కాబట్టి మూత తీసిన మనిషి అదంతా తాగుతాడు. తాగేవాడికి ఎంత కావాలో ఆ సీసాయే నిర్ణయిస్తుంది.

ఈ మాట నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మే, సీసా గురించి కాదు, సారా ప్యాకెట్టు గురించి. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో నింపించి పల్లెపల్లెకూ చేరవేసింది. అంతకుముందు తాగాలంటే ఊరి బయట దుకాణం దాకా నడిచి వెళ్ళాలి, ప్యాకెట్లు వచ్చాక సారా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. మా తాత ప్యాకెట్టు మూల పంటితో కొరికి చింపేవాడట. "చింపినాక దాన్ని యాడ పెడతాడు? అంతా పోసుకోవాల్సిందే" అనేది అమ్మమ్మ. కూలి డబ్బు చేతికి రాకముందే పాకలో బాకీ రాసుకునేవాళ్ళని, శనివారం కూలి ఇచ్చే చోటికే పాకవాడు వచ్చి కూర్చునేవాడని చెప్పేది. అక్షరాస్యత తరగతుల్లో రాత్రిపూట కలుసుకోవడం మొదలుపెట్టాక ఆడవాళ్ళకు తమ ఇంటి గొడవ అందరి ఇళ్ళలోనూ ఉన్నదేనని తెలిసింది. సారా వేలం పాటలు ఆపారు, పాకలు పడగొట్టారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత సారా పాకల స్థానంలో సీసాల దుకాణాలు వచ్చాయి.

ఆ రోజు పాకను పడగొట్టడం నూటికి నూరుపాళ్ళూ సరైన పనేనని నా నమ్మకం. అయితే ఆ ఉద్యమాన్ని గుర్తు చేసుకునేటప్పుడు మనం మద్యం ఉండాలా వద్దా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాం. మా ఊళ్ళో తాటిచెట్లు గీసే ఆయన ఎవరో అందరికీ తెలుసు, ఏ చెట్టు కల్లు తియ్యగా ఉంటుందో, ఏ పూటది పులిసిపోతుందో ఆయనే చెప్పేవాడు, ముంతతో అడిగినంత పోసేవాడు. ప్యాకెట్టులోని సారాను ఎవరు కాచారో, ఎందులో కాచారో, ఎంత నీళ్ళు కలిపారో తెలుసుకునే దారే లేదు. కొలత తాగేవాడి చేతిలోంచి జారిపోయినది అక్కడే. ఉద్యమం ఆ ప్యాకెట్టును ఊళ్ళోంచి వెళ్ళగొట్టింది గానీ, ప్యాకెట్టు పద్ధతి మాత్రం సీసాలోకి, ఒకటి కొంటే ఒకటి ఉచితంలోకి, బల్లకొక పిచ్చరులోకి మారి నిలబడింది. నేను ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టి వెళ్ళిన ఊరి చివరి పబ్బులో నాకు కనిపించినది ఆ పాతపద్ధతే.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, వాటిలో కొన్ని నా సొంతవి కూడా. ఇది డబ్బున్నవారి ముచ్చట అనే మాట నిజమే. ఆ నాలుగు గ్లాసులకు నేను చెల్లించినది మా ఊళ్ళో ఒక రోజు కూలి కంటే ఎక్కువే. కానీ చిన్న కొలత ఖరీదైనది కావడానికి కారణం చిన్న కొలత కాదు, దాన్ని ఒక విశేషంగా అలంకరించి అమ్మడం. చెక్క పలక లేకుండా, పేరు లేకుండా, వంద మిల్లీలీటర్లకు ఇంత అని పట్టికలో ఉంటే చాలు. టీ బంకులో అరకప్పు టీ అడిగితే ఎవరూ వింతగా చూడరు, ఈ ఊళ్ళో ఒకటి తెప్పించుకుని ఇద్దరు పంచుకోవడం నిలబడి తినే ప్రతి దర్శిని హోటల్లోనూ రోజూ చూసేదే. ఆ మర్యాద మద్యం అమ్మే చోట మాత్రం ఎందుకు ఉండకూడదు?

నీటి విషయం నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెడుతుంది. ఈ ఊరికి కావేరి నీరు వంద కిలోమీటర్ల దూరం నుంచి, మూడు అంచెల్లో, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు పంపులతో ఎక్కించగా వస్తుంది. 2024 వేసవిలో మా అపార్టుమెంటులో రోజుకు రెండు గంటలే నీళ్ళు వదిలారు, ట్యాంకరు కోసం రాత్రి పదకొండింటి దాకా ఎదురుచూశాం. లీటరు బీరు వెనక నాలుగైదు లీటర్ల నీరు ఖర్చవుతుంది, గుండిగలూ ట్యాంకులూ గొట్టాలూ కడగడానికే అందులో చాలా భాగం పోతుంది, చిన్న బ్రూవరీల్లో ఇది ఇంకా ఎక్కువ. కడిగిన నీటిని శుద్ధి చేసి తిరిగి వాడని బ్రూవరీకి ఈ ఊళ్ళో అనుమతి ఉండకూడదనే నా అభిప్రాయం.

ఆరోగ్యం సంగతి సూటిగానే చెప్పాలి. ఇంత వరకు తాగితే ఏ ప్రమాదమూ లేదని చెప్పగలిగే కొలత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో మద్యం ఎప్పటి నుంచో ఉంది. నా నాలుగు గ్లాసులు ఆరోగ్యానికి మంచివని ఎవరైనా అంటే అది అబద్ధం. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే బండి నడపడం నేరం. నా బరువుకు లెక్క వేసుకుంటే, నాలుగు గ్లాసులూ తాగి ఐదున్నరకు బయటికి వచ్చేసరికి నేను ఆ హద్దు దగ్గరలోనే ఉంటాను. అందుకే మెట్రోలో వెళ్ళాను, మెట్రోలో వచ్చాను. చిన్న కొలతలో అమ్మేవాడు అందులోని ఆల్కహాలు లెక్కను కూడా పట్టికలోనే, ప్రతి గ్లాసు పక్కనే రాయాలి. బీరు కాచిన తేదీ, ఆల్కహాలు శాతం, గ్రాముల్లో దాని బరువు, ఈ మూడూ ఉంటే తాగేవాడు ఎక్కడ ఆగాలో తనంతట తాను లెక్క చూసుకుంటాడు.

ఆ రాత్రి అమ్మమ్మకు ఫోను చేశాను. ఆమె దగ్గర నేను ఏదీ దాచను. బార్లీ మొలకల సంగతి చెబితే ఆసక్తిగా విన్నది, ఎన్ని రోజులు మొలకెత్తిస్తారు, ఎండలో పెడతారా నీడలోనా అని అడిగింది. తర్వాత కాసేపు మాట్లాడలేదు.

"ఎంత తాగినావు?"

"నాలుగు గ్లాసులు అమ్మమ్మా, టీ గ్లాసంత గ్లాసులు. అందులో ఒకటి సగం వదిలేశా."

"మీ తాత కూడా మొదట్లో అంతే చెప్పేవాడు."

ఆ మాటకు నా దగ్గర వెంటనే సమాధానం లేకపోయింది. ఇప్పటికీ పూర్తి సమాధానం లేదు. చిన్న గ్లాసుతో మొదలైన అలవాటు చిన్న గ్లాసు దగ్గరే ఆగుతుందని హామీ ఇవ్వడం ఎవరివల్లా కాదు, ఆ హామీని నమ్మి అప్పులపాలైన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. అయితే నేను సగం వదిలేశానని చెప్పినప్పుడు అమ్మమ్మ గొంతులో వచ్చిన మార్పును కూడా నేను విన్నాను. "వదిలేసినావా? డబ్బులు కట్టినాక కూడానా?" అని రెండుసార్లు అడిగింది. పంటితో చింపిన ప్యాకెట్టును మా తాత ఒక్కసారైనా సగంలో వదిలేయడం ఆమె చూడలేదు. అంతా తాగక తప్పని కొలతలో అమ్మినప్పుడు తాగేవాడి మనసులో వద్దనే ఆలోచన వచ్చినా, దానికి చోటు దొరకదు. వంద మిల్లీలీటర్ల గ్లాసు ఇచ్చేది ఆ చోటు మాత్రమే. దాన్ని వాడుకోవడం, వాడుకోకపోవడం మనిషి చేతిలో ఉంటుంది, కానీ ముందు ఆ చోటు ఉండాలి కదా.

బ్రూవరీ నుంచి వచ్చేటప్పుడు అభిప్రాయాలు రాసే చీటీలో రెండు కోరికలు రాసి ఇచ్చాను. చిన్న గ్లాసుల ధర పట్టికలో చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది, దాన్ని మొదటి పేజీకి తేవాలని ఒకటి, ప్రతి బీరు పక్కన కాచిన తేదీ వేయాలని రెండోది. రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాను. పట్టిక పాతదే. అయితే గోడ మీది నల్లబల్లపై ప్రతి బీరు పేరు పక్కనా సుద్దముక్కతో ఒక తేదీ కనిపించింది. కుప్పం అబ్బాయి పైపులు కడుగుతూ నన్ను చూసి వచ్చాడు.

"తేదీలు నేనే రాసినానక్కా. మెనూ సంగతి కూడా చెప్పినా, మళ్ళీ ప్రింటు వేసేటప్పుడు చూద్దామన్నారు."

లాగర్ తేదీ చూస్తే కాచి నలభై నాలుగు రోజులైంది. ఆ రోజు స్టౌట్ ట్యాంకు ఖాళీగా ఉంది, ఇండియా పేల్ ఏల్ నాకు వద్దన్నాను. రెండు గ్లాసులు తెప్పించుకుని, రెండోదానిలో సగం మిగిల్చి లేచాను.